కొత్త రిసోర్స్ పర్సన్‌కు మామయ్య ఉత్తరం

చి.ల.సౌ. మేనకోడలికి, మామయ్య దీవించి రాయునది.

నిన్ను మండల రిసోర్స్ పర్సన్‌గా, అంటే మండలంలోని బడులు తిరిగి టీచర్లకు తోడ్పడే మనిషిగా, తీసుకున్నారని అక్క ఫోన్‌లో చెప్పింది. చాలా సంతోషించాను. పిల్లలకు చెప్పడం నీకు బాగా వచ్చు. కానీ తోటి టీచరు తరగతికి వెళ్లి ఆమెకు అక్కరకు వచ్చి రావడం వేరే విద్య. 1996లో మన వరంగల్ జిల్లాకు డీపీఈపీ (జిల్లా ప్రాథమిక విద్యా కార్యక్రమం) వచ్చాక నేనూ ఇదే పనిలో తిరిగాను. అప్పుడు నాకెవరూ చెప్పని మాటలు నీకు ముందే చెప్పాలని ఇది రాస్తున్నాను.

ముందు నా తప్పు చెబుతా. కొత్తల్లో ఒక బడికి వెళ్లాను. మూడో తరగతికి మేడం తీసివేత చెబుతూ బోర్డు మీద ఒక అంకె తప్పు వేసింది. నేను లేచి, ఆమె చేతిలో సుద్దముక్క తీసుకుని దిద్దాను. పిల్లలందరూ ఒక్కసారిగా ఆమె ముఖం వైపు చూశారు. ఆ తర్వాత నేను ఎప్పుడు వెళ్లినా, పిల్లలకు అప్పటికే వచ్చిన పాఠమే మళ్లీ చెప్పించి చూపించేది. ఏమైనా ఇబ్బంది ఉందా మేడం అంటే, "ఏం లేదు సార్, అంతా బాగానే ఉంది" అనేది. రెండేళ్లపాటు ఆ తలుపు నాకు తెరుచుకోలేదు. ఇన్నేళ్లయినా ఆ పిల్లల చూపు నాకు గుర్తుకొస్తూనే ఉంటుంది.

నువ్వు గదిలోకి వెళ్లగానే టీచరు తన కుర్చీ నీకు ఇస్తుంది. కూర్చోకు బిడ్డా. వెనక వరుసలో, గోడకు ఆనుకుని కూర్చునే పిల్లల పక్కన చాప మీద కూర్చో. అక్కడి నుంచి పాఠం ఎలా వినిపిస్తుందో, బోర్డు మీద ఏం కనిపిస్తుందో చూడు. టీచరు ఎలా చెబుతోందన్న దాని మీద కంటే, ఈ పిల్లల పలకల్లో, నోటుబుక్కుల్లో ఏం ఉందన్న దాని మీద కన్ను పెట్టు. తర్వాత ఆమెతో మాట్లాడేటప్పుడు మీ ఇద్దరి మధ్యా ఆ నోటుబుక్కే ఉండాలి. "మీరు ఇలా చేశారు" అంటే ఎవరికైనా మనసు ముడుచుకుంటుంది. "మేడం, వీడు ఇలా ఎందుకు రాశాడంటారు?" అంటే ఆమె కూడా వంగి చూస్తుంది.

ఏ బడికి వెళ్లినా మొదట వినిపించే మాట, "వీడికి రాదు సార్." ఆ మాటను "వీడు ఎక్కడ ఆగాడు" అన్న మాటగా మార్చగలిగితే నీ పని సగం అయినట్టే. ఒక పిల్లవాడు తెలుగు పాఠం గడగడా చదువుతాడు. వేలు పెట్టి మధ్యలో ఒక పదం చూపించు. నోరు మెదపడు. పాఠం మొత్తం బట్టీపట్టాడన్న మాట. వాడితో అక్షరాలు చదివించు, వస్తాయి. 'తల', 'పలక' వస్తాయి. 'తాత' వస్తుంది. 'కొడుకు' దగ్గర ఆగుతాడు. అంటే వాడికి రానిది తెలుగు కాదు, ఒత్వమూ కొమ్మూ. పది రోజులు ఆ రెండింటి మీదే పని చేయిస్తే, వాడు పుస్తకం తనంతట తానే తీస్తాడు. పిల్లలకు ఏం వచ్చో మొదట్లో చూసే బేస్‌లైన్ పరీక్షలో వాడి పేరు పక్కన పడిన గుర్తు ఈ సంగతి టీచరుకు చెప్పదు. నువ్వు పక్కన కూర్చుని చూపించాలి.

లెక్కల్లోనూ అంతే. నాలుగు వందల రెండు రాయమంటే 4002 అని రాస్తారు. అది అజాగ్రత్త కాదు. విన్నది విన్నట్టు రాశారు, నాలుగు వందలు, ఆపైన రెండు. దీనికి నేను అట్టముక్కలు వాడేవాణ్ని. 400 అని రాసిన పొడవాటి అట్ట, 2 అని రాసిన చిన్న అట్ట. చిన్నదాన్ని పొడవాటి అట్ట చివరి సున్నా మీద పెడితే 402 అవుతుంది. చిన్న అట్ట ఎత్తి చూసి, "సున్నా కిందనే ఉంది సార్" అని ఒక పిల్ల అరిచింది. పక్కనున్న టీచరు మర్నాడే తన సొంత అట్టలు కత్తిరించుకుంది.

అందుకే, చెప్పడం కంటే చేసి చూపించు. ఒక పావుగంట తరగతి నువ్వు తీసుకో, ఆమెను చూడమను. నీ పాఠం కుదరకపోతే దాచకు. ఎక్కడ చెడిందో ఇద్దరూ కలిసి మాట్లాడుకోండి. ఆమెకు నీ మీద నమ్మకం కుదిరేది ఆ రోజే.

తండా బడులకు వెళ్లేటప్పుడు ఇంకొంచెం ఓపిక పట్టాలి. ఒకటో తరగతి పిల్లలు ఇంట్లో లంబాడీ మాట్లాడతారు, అమ్మను 'యాడి' అంటారు. 'అమ్మ' బొమ్మ చూపిస్తే పలక్కుండా కూర్చున్న పిల్లకు తెలివి లేదని రాసేయకూడదు. ఆ మాటలు నాలుగు నువ్వూ నేర్చుకో. టీచరుకు రాకపోతే, పెద్ద తరగతి పిల్లల సాయం తీసుకోమని చెప్పు. ఇద్దరు టీచర్లు ఐదు తరగతులు చూసుకునే బడిలో, ఒక్కో తరగతికి ఒక్కో పాఠ్యపథకం ఏదని అడగడం కూడా న్యాయం కాదు.

ఒక్కసారి వెళ్లినప్పుడు ఒక్కటే చెప్పు. పది లోపాలు కనిపిస్తాయి, తొమ్మిది నీ దగ్గరే ఉంచుకో. మధ్యాహ్న భోజనం అయ్యాక పదిహేను నిమిషాలు ఆమెతో కూర్చుని, వచ్చే వారం ఏం చేసి చూడాలో ఆమె నోటి నుంచే రానివ్వు. మళ్లీ వస్తానన్న రోజున తప్పక వెళ్లు. తనిఖీకి వచ్చేవాళ్లు చాలామంది ఉంటారు, మళ్లీ వచ్చేవాళ్లు తక్కువ.

గదిలో చూసినది ఎంఈఓ (మండల విద్యాధికారి) గారి బల్ల మీదకు చేర్చకు. బడికి టీచరు కావాలనో, గది కారుతోందనో అయితే గట్టిగా చెప్పు. ఒకరి పాఠం బలహీనంగా ఉందన్న మాట మాత్రం నీ దగ్గరే ఆగాలి. చుట్టుపక్కల బడుల టీచర్లు కలిసే కాంప్లెక్స్ సమావేశంలో నువ్వే గంటసేపు మాట్లాడకు. గుణింతాలు బాగా నేర్పే పెద్ద మేడం ఎవరైనా ఉంటే ఆమెతో చెప్పించు. ఆమెకు నీ వయసంత సర్వీసు ఉండవచ్చు.

2021లో కేంద్రం నిపుణ్ భారత్ కార్యక్రమం పెట్టినప్పుడు 2026–27 నాటికి మూడో తరగతి పూర్తిచేసే ప్రతి బిడ్డకూ చదవడం, లెక్క రావాలన్నారు. అదే పని కోసం మన తెలంగాణలో 2022లో తొలిమెట్టు కార్యక్రమం వచ్చింది. వీటి కోసం పైకి పంపాల్సిన ఫోటోలు, నింపాల్సిన ఫార్మాట్లు నిన్ను తినేస్తాయి. వాటిని సాయంత్రం ఇంటికి వచ్చాక చూసుకో, బడిలో ఉన్నంతసేపు ఫోను సంచిలోంచి తీయకు.

ఆదివారం బావ వస్తున్నాడు కదా, నా అట్టల కట్ట అతనితో పంపుతున్నాను. వందలు తొమ్మిది, పదులు తొమ్మిది, ఒకట్లు తొమ్మిది, మొత్తం 27 ఉండాలి. 70 అట్ట ఎక్కడో పోయింది, చేసుకో. మొదట ఏ బడికి వెళ్లావో, వెనక వరుసలో ఎవరి పక్కన కూర్చున్నావో నాకు రాయి.

మీ మామయ్య