పాత పిన్‌బాల్ మిషన్‌లో వచ్చిపోయే కరెంటు: మేనల్లుడికి ఒక ఉత్తరం

ఒరేయ్ అల్లుడూ,

నీ ఉత్తరం అందింది. పిన్‌బాల్ మిషన్ (బంతిని రెక్కలతో కొట్టి స్కోరు చేసే ఆటపెట్టె) శుభ్రంగా ఆడుతూ ఆడుతూ ఉన్నట్టుండి చీకటైపోతోందనీ, పక్కన ఒక్కటిస్తే మళ్లీ వెలుగుతోందనీ రాశావు. ముందు ఆ కొట్టడం మానెయ్. దెబ్బకి లోపల ఏ వైరు కదిలి బాగుపడిందో నీకూ తెలీదు, నాకూ తెలీదు. ఈసారి ఆరిపోయినప్పుడు దాన్ని అలాగే ఉండనీ. వచ్చిపోయే జబ్బుని అది ఉన్నప్పుడే పట్టుకోవాలి, పోయాక వెతికితే దొరకదు.

కొత్త ఫ్యూజులు, కొత్త స్విచ్చు, బల్బులు అన్నీ తెప్పించానన్నావు. వాటిని కొన్నాళ్లు పెట్టెలోనే ఉంచు. అన్నీ ఒకేసారి మార్చేస్తే జబ్బు నాలుగు రోజులు కనబడదు, ఐదో రోజు తిరిగొస్తుంది. అప్పుడు అనుమానించడానికి కొత్త సామాన్లు కూడా తోడవుతాయి.

ఆరిపోగానే రెండు సంగతులు చూసి కాగితం మీద రాసుకో. మొదటిది, ఏమేం ఆగాయి, ఏమేం బతికున్నాయి. పైన స్కోరు పెట్టెలో లైట్లు వెలుగుతూ కింద బంతి తిరిగే బోర్డు మీదవి మాత్రమే ఆరితే, ట్రాన్స్‌ఫార్మర్‌ని అనుమానించక్కర్లేదు. బోర్డుకి వెళ్లే ప్లగ్గునీ, వైర్ల కట్టనీ చూడు. లైట్లన్నీ ఆరి కాయిల్స్ (బంతిని కొట్టే విద్యుదయస్కాంతాలు) మాత్రం కొడుతుంటే గొడవ లైట్లకి వెళ్లే 6 వోల్టుల వైపు ఉంది. లైట్లూ కాయిల్సూ కలిసి పోతే గోడ ప్లగ్గు నుంచి ట్రాన్స్‌ఫార్మర్ దాకా ఉన్న దారైనా అయ్యుండాలి, ఇప్పుడు చెప్పబోయే రిలే అయినా అయ్యుండాలి.

రెండోది, దానంతటదే తిరిగొస్తోందా, లేక నువ్వు మళ్లీ స్టార్ట్ చేస్తేనే వస్తోందా? దీన్ని చాలామంది పట్టించుకోరు. ఈ మిషన్లు చాలావాటిలో లాక్ రిలే అనో హోల్డ్ రిలే అనో ఒకటి ఉంటుంది. రిలే అంటే కాయిల్‌లో కరెంటు పారితే లాగబడే స్విచ్చు. ఒకసారి లాగబడ్డాక తన సొంత కాంటాక్టు ద్వారానే కరెంటు తీసుకుంటూ తనని తాను పట్టుకుని ఉంటుంది. పట్టు వదిలిందా, మిషన్ మొత్తం పడుకుంటుంది. చాలా మోడళ్లలో దాని దారిలోనే, మిషన్‌ని గట్టిగా తన్నేవాళ్ల కోసం నాణేల తలుపు వెనక ఒక స్విచ్చు పెడతారు. మామూలుగా మూసి ఉండే స్విచ్చు అది. దాని ఆకు (సన్నటి లోహపు రేకు) బిగి తగ్గితే బంతి గట్టిగా తగిలినా కన్నుమూసి తెరిచేంతలో విడిపోయి కలుస్తుంది. ఆ కాస్త చాలు, రిలే పడిపోతుంది. దానంతటదే వెలుగొస్తే లూజ్ కాంటాక్టు, మళ్లీ స్టార్ట్ చేస్తేనే వస్తే ఈ రిలే, దాని దారిలోని స్విచ్చులు. ముందు అక్కడికే వెళ్లు. సర్క్యూట్ డయాగ్రం మడతల దగ్గర చిరిగిపోయినా సరే, ఆ రిలే కాయిల్ ఎక్కడుందో వెతికి, దాని వరసలో ఉన్న స్విచ్చులన్నిటికీ పెన్సిల్‌తో గీత పెట్టుకో.

ఆ స్విచ్చుల కొసలు వెండివైతే గరుకు కాగితం తగలనివ్వకు. గట్టి కాగితం ముక్క మధ్యలో పెట్టి, ఆకులు వేలితో నెమ్మదిగా నొక్కి లాగు. నల్లటి గీత దిగుతుంది. గీత రాకుండా పోయేదాకా చెయ్యి. నూనె, స్ప్రే లాంటివి అస్సలు వద్దు. దుమ్మంతా దానికే అంటుకుంటుంది.

ఇక లూజ్ కాంటాక్టు. నా మట్టుకు ఈ మిషన్లలో మొదటి ముద్దాయి ఫ్యూజు పట్టుకునే క్లిప్పే. ఎందుకో లెక్క చూడు. ఈ మిషన్లలో వాడే 44 నంబరు బల్బు ఒక్కోటీ పావు ఆంపియరు తాగుతుంది. 60 బల్బులు వెలిగితే 15 ఆంపియర్లు. క్లిప్పు దగ్గర చిలుము పట్టి 0.1 ఓము అడ్డు వచ్చిందనుకో. 10 ఆంపియర్లు పోతున్నా అక్కడ 1 వోల్టు పోతుంది, ఆ చిన్న ఇత్తడి ముక్కలో 10 వాట్ల వేడి పుడుతుంది. వేడికి ఇత్తడి బిగి చస్తుంది, బిగి తగ్గితే అడ్డు పెరుగుతుంది, అడ్డు పెరిగితే వేడి ఇంకా పెరుగుతుంది. నీ మిషన్ అరగంట ఆడాకే ఆరుతోందన్నావు కదా, ఆ మాట చదవగానే నాకు ఈ క్లిప్పే గుర్తొచ్చింది. 47 నంబరు బల్బులు 0.15 ఆంపియరుతో సరిపెట్టుకుంటాయి. వెలుగు కాస్త తగ్గినా ఫ్యూజు మీద భారం బాగా తగ్గుతుంది. కానీ అవి తర్వాతెప్పుడో పెట్టు, ముందు జబ్బు తేలాలి.

ఈ 0.1 ఓముని మీటర్‌తో ఓముల్లో చూడబోకు. మీటరు తీగల్లోనే అంత ఉంటుంది. మిషన్ ఆన్‌లో ఉంచి, లైట్లన్నీ వెలుగుతుండగా, మీటర్‌ని ఏసీ వోల్టుల్లో పెట్టి, ఒక కొసని వైరు టంకం పెట్టిన చోట, ఇంకో కొసని ఫ్యూజు చివరనున్న లోహపు మూత మీద ఆనించు. సున్నాకి దగ్గరగా ఉండాలి. పదో వంతు వోల్టు దాటితే ఆ క్లిప్పు పోయినట్టే. రెండు వైపులా చూడు. క్లిప్పుని ఫైబర్ బోర్డుకి బిగించిన రివెట్ దగ్గర కూడా చూడు, అక్కడ వదులైతే పైకి ఏమీ కనబడదు. నల్లబడ్డ క్లిప్పుని ప్లయర్‌తో నొక్కి సర్దకు, హోల్డర్ మొత్తం మార్చు. ఫ్యూజుని కూడా నమ్మకు. గాజులో తీగ కళ్లకి నిండుగా కనబడుతూనే మూత లోపల అతుకు వదులై ఉండొచ్చు. (పెద్ద ఫ్యూజు వేసి చూద్దామా అని అడిగావు. ఆ మాట ఇంకెప్పుడూ అనకు. ఫ్యూజు తట్టుకుంటే వైర్ల కట్ట కాలుతుంది.)

క్లిప్పులు బాగున్నా ఆరుతుంటే మూడు బల్బులు తీసుకో. 6 వోల్టులవి, ఒక్కోదానికి రెండు తీగలు, కొసలకి క్రొకడైల్ క్లిప్పులు. మొదటిది ట్రాన్స్‌ఫార్మర్ 6 వోల్టుల కొసల మీద నేరుగా, రెండోది ఫ్యూజు దాటాక, మూడోది ప్లగ్గు దాటి బోర్డు వైపు. తలుపు తెరిచి మూడూ కనబడేలా వేలాడదీసి, గదిలో లైటు తీసేసి, ఎవరినైనా ఆడమను. ఆరినప్పుడు ఒకటి వెలుగుతూ రెండు ఆరితే ఫ్యూజు దగ్గర, రెండు వెలిగి మూడోది ఆరితే ప్లగ్గు దగ్గర, మూడూ ఆరితే ట్రాన్స్‌ఫార్మర్‌లోనో, దానికి ముందో. క్షణంలో పోయొచ్చే కరెంటుని డిజిటల్ మీటరు పట్టుకోలేదు, బల్బు మినుకు మాత్రం కంట పడుతుంది. కాయిల్స్ వైపు కూడా ఇదే పద్ధతి, కాకపోతే ఆ వోల్టేజీకి తగ్గ బల్బు పెట్టు. కొన్ని కంపెనీలవి 24 వోల్టుల చుట్టుపక్కల నడుస్తాయి, బాలీ మిషన్లలో 50 ఉంటుంది. ట్రాన్స్‌ఫార్మర్ మీద రాసి ఉంటుంది, చూసుకో.

ప్లగ్గు దగ్గరే అని తేలితే, కరెంటు తీసేసి, వైర్లు కాకుండా ప్లగ్గు ఒంటిని పట్టుకుని ఊడదియ్యి. ఇత్తడి రేకులు మెరిసేదాకా తుడువు. వెనక టంకం అతుకుల చుట్టూ సన్నటి వలయంలా పగులు ఉందేమో భూతద్దంతో చూడు, ఉంటే మళ్లీ కరిగించు. బోర్డు పైకెత్తగానే జబ్బు మాయమైతే అది కూడా ఆనవాలే. మడతబందు దగ్గర వైర్ల కట్ట వంగే చోట, గుడ్డ తొడుగు లోపల తీగ తెగి ఉండొచ్చు. చెక్క పుల్లతో ఒక్కో వైరూ కదిపి చూడు, చేత్తో వద్దు.

మూడు బల్బులూ ఆరితే నువ్వు మెయిన్ లైన్ వైపుకి వెళ్తున్నావు. అక్కడ ప్లగ్గు గోడ నుంచి ఊడదీసి, దాని కొస నీ కంటి ముందు పెట్టుకున్నాకే చెయ్యి పెట్టు. స్విచ్చు ఆఫ్ చేశాను కదా అనుకోకు. కొన్నిట్లో స్విచ్చు ఒక తీగనే తెంపుతుంది, లోపల ఉండే సాకెట్‌లో కరెంటు అలాగే ఉంటుంది. తీగ రెండు పిన్నులదైతే ఎర్త్ ఉన్న మూడు పిన్నులది వేయించు, ఇందులో బేరం లేదు. 115 వోల్టుల మిషన్‌ని 230 లైన్ మీద నడుపుతుంటే ఆ స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ సాకెట్‌ని కూడా అనుమానితుల్లో చేర్చు.

ఫ్లిప్పర్లు (బంతిని కొట్టే రెక్కలు) నీరసంగా కొడుతున్నాయన్నావు, దాని సంగతి ఇప్పుడు ఎత్తకు. మూడు బల్బుల్లో ఏది ఆరిందో, ఫ్యూజుల దగ్గర ఎన్ని వోల్టులు చూపించిందో రాసి పంపు. ఫ్యూజు బోర్డు ఫొటో కూడా, వెనక వైపుది.

ఆశీస్సులతో,
మామయ్య