మేజరు గారు డీజీపీ కాగలరా?

ప్రశ్న: మాది తాడేపల్లిగూడెం దగ్గర, మిలిటరీ మాధవరం పక్క ఊరు. మా బావ సైన్యంలో షార్ట్ సర్వీసు కమిషన్ మీద, అంటే కొన్నేళ్ళ గడువుకే ఇచ్చే అధికారి ఉద్యోగంలో ఉన్నాడు. పదేళ్ళూ పూర్తిచేసి ఐపీఎస్ రాసి, ఎప్పటికైనా డీజీపీ అవుతానంటాడు. కెనడాలో ఒక జనరల్ గారు అలాగే పోలీసు పెద్ద అయ్యారట. ఇక్కడ కుదురుతుందాండీ?

జవాబు: కెనడా సంగతి నిజమే. ఆయన పేరు విక్టర్ విలియమ్స్. మొదటి ప్రపంచ యుద్ధంలో 8వ కెనడా పదాతి బ్రిగేడ్‌కు కమాండర్. 1916 జూన్ 2న బెల్జియంలోని మౌంట్ సోరెల్ దగ్గర జర్మన్లకు చిక్కాడు. ఆ యుద్ధంలో బందీలైన కెనడా అధికారుల్లో ఆయనదే అందరికన్నా పెద్ద హోదా. అలాంటి మనిషి 1922లో ఒంటారియో ప్రొవిన్షియల్ పోలీసుకు కమిషనరై 1939 దాకా ఉన్నాడు. 1927 వరకూ అక్కడ మద్యనిషేధం, అంటే వచ్చీరాగానే సారా గొడవలే నెత్తిన పడ్డాయి. అయితే ఆయన్ను ప్రభుత్వం నేరుగా ఆ కుర్చీలో కూర్చోబెట్టింది. మనకు ఆ దారి లేదు. ఐపీఎస్‌లో మెట్టుమెట్టూ ఎక్కి రావలసిందే.

ఇక లెక్క చూడండి. 24 ఏళ్ళకు కమిషన్ వచ్చిందనుకుందాం. పదేళ్ళకు 34. సివిల్స్ రాయడానికి మామూలు వయసు 32 అయినా, కనీసం 5 ఏళ్ళ సైనిక సేవ ఉన్న షార్ట్ సర్వీసు అధికారులకు 5 ఏళ్ళ సడలింపు ఉంది. కాబట్టి రాయొచ్చు. మొదటిసారే గట్టెక్కినా ఐపీఎస్‌లో అడుగుపెట్టేసరికి 35. ఐజీ (ఇన్‌స్పెక్టర్ జనరల్) కావడానికి 18 ఏళ్ళ సర్వీసు కావాలి, అది 53కి అందుతుంది. అదనపు డీజీకి 25, అంటే సరిగ్గా రిటైరయ్యే 60. డీజీపీ జాబితాకో, మామూలుగా 30 ఏళ్ళ సర్వీసు అడుగుతారు. ప్రకాశ్ సింగ్ కేసులో 2006లో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు ప్రకారం యూపీఎస్సీ ఎంపిక చేసిన ముగ్గురిలోంచే రాష్ట్రం ఒకరిని తీసుకోవాలి. పైగా కనీసం 6 నెలల సర్వీసు మిగిలి ఉండాలి. మీ బావకు 5 ఏళ్ళు తక్కువ పడుతోంది. ఐజీ దాకా ఆశపడమనండి, అదేం చిన్న పదవి కాదు.

1962 చైనా యుద్ధం తర్వాత ఎమర్జెన్సీ కమిషన్ (అత్యవసర పరిస్థితిలో ఇచ్చిన తాత్కాలిక అధికారి ఉద్యోగం) మీద చేరినవాళ్ళకు మాత్రం వేరే కథ. ఐపీఎస్‌లో వాళ్ళకు కొన్ని ఖాళీలు కేటాయించారు, సైన్యంలో గడిపిన ఏళ్ళను సీనియారిటీలో కలిపారు. ఇప్పుడా వెసులుబాటు లేదు.

ప్రశ్న: ఆ వయసు సడలింపు కాగితాల దగ్గర పోతుందంటారు. ఎక్కడ? (అమలాపురం పాఠకురాలు)

జవాబు: మూడు చోట్ల. 5 ఏళ్ళ సేవ పరీక్ష జరిగే ఏడాది ఆగస్టు 1 నాటికి నిండాలి. నాలుగు రోజులు తగ్గినా చెల్లదు. సైన్యం నుంచి విడుదల, సర్వీసు గడువు ముగిసి జరగాలి. దుష్ప్రవర్తన, అసమర్థత కారణంగా పంపేసినవాళ్ళకు సడలింపు రాదు. ఇక పొడిగింపు మీద పనిచేస్తున్నవాళ్ళు, ఎంపికైతే 3 నెలల నోటీసుతో వదులుతామని రక్షణ శాఖ ఇచ్చే ధృవపత్రం తెచ్చుకోవాలి. ఎక్కువమంది చిక్కుకునేది ఇక్కడే. వయసు సడలింది కదా అని ప్రయత్నాలు పెరగవు. జనరల్ వాళ్ళకు అవే 6. ఇంకోటి, ఐపీఎస్‌కు మగవాళ్ళ ఎత్తు 165 సెంటీమీటర్లు, ఛాతీ 84, గాలి పీలిస్తే మరో 5 పెరగాలి. సైన్యంలో ఉన్నాం కదా, మళ్ళీ కొలుస్తారా అనుకోకండి. కొలుస్తారు.