పాత మిల్లు జాగాలో అద్దె ఇల్లు: అడ్వాన్స్ ఇచ్చే ముందు చూడాల్సినవి

తమ్ముడూ, మిర్యాలగూడలో పాత రైస్ మిల్లు తీసేసి కట్టిన ఇంట్లో పై పోర్షన్ దొరికింది, ఓనర్ అడ్వాన్స్‌కు తొందరపెడుతున్నాడు, ఇవ్వాలా అని అడిగావు. రెండు రోజులు ఆగు.

ముందు పోయిన నెల కరెంటు బిల్లు అడిగి, కేటగిరీ అన్న చోట ఏముందో చూడు. ఇంటికైతే ఒకటి ఉండాలి. మిల్లు నాటి కనెక్షనే నడుస్తుంటే మూడు ఉంటుంది, అది పరిశ్రమల రేటు. నేనూ ఇట్లాంటి ఇంట్లోనే దిగాను. మొదటి బిల్లు చేతికొచ్చేదాకా తెలియలేదు, చాలా టెన్షన్ పడ్డాను. తెల్ల రేషన్ కార్డున్నా నెలకు 200 యూనిట్ల దాకా ఉచిత కరెంటిచ్చే గృహజ్యోతి పథకం రాలేదు, అది ఇళ్ల కనెక్షన్లకే. మూడని ఉంటే, మార్పించాకే అడ్వాన్స్ ఇస్తానని గట్టిగా చెప్పు.

తర్వాత నీళ్లు. బోరువా, మిషన్ భగీరథ నల్లావా? మన నల్గొండ జిల్లా నీళ్లలో ఫ్లోరైడ్ సంగతి నీకు తెలిసిందే. లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటితే తాగొద్దు. కాచినా పోదు, నీరు ఇగిరేకొద్దీ ఇంకా చిక్కబడుతుంది. చిన్నపిల్లలున్నారన్నావు, ఈ విషయంలో మాత్రం మొహమాటపడకు. బోరు నీళ్లయితే పరీక్ష చేయించు.

కిటికీ గట్టు మీద వేలితో రాసి చూడు. నల్లటి ఊక బూడిద అంటితే దగ్గర్లో ఇంకో మిల్లు నడుస్తున్నట్టే.

అగ్రిమెంట్ మామూలుగా 11 నెలలకే రాస్తారు. ఖాళీ చేశాక అడ్వాన్స్ ఎన్ని రోజుల్లో తిరిగిస్తారో అందులోనే రాయించు.