అప్పు అబ్బాయిది, ఫోన్లు నాన్నకు

ఏటా చలికాలంలో న్యూజెర్సీ నుంచి వచ్చి బెంగళూరు కుందలహళ్లిలోని మా ఇంట్లో ఉంటాను. ఈ చుట్టుపక్కల తెలుగు ఇళ్లలో పిల్లలు అమెరికాలో ఉన్నవాళ్లే ఎక్కువ కాబట్టి అడిగేవాళ్లకు కొదవ ఉండదు. ఒకప్పుడు వీసాల గురించి, పెళ్లి సంబంధాల గురించి అడిగేవారు. ఇప్పుడు తలుపు దగ్గరగా వేసి, గొంతు తగ్గించి అడిగే సందేహం ఒకటి తయారైంది: "మావాడు కట్టని బాకీ కోసం మాకు ఫోన్లు వస్తున్నాయండీ. మేము కట్టాలా?"

జవాబు ముందే చెప్పేస్తాను. మేజరైన కొడుకు గానీ కూతురు గానీ తన ఒక్కరి సంతకంతో చేసిన అప్పుకు తల్లిదండ్రులు బాధ్యులు కారు. ఇక్కడి చట్టం ప్రకారమూ కారు, అమెరికా చట్టం ప్రకారమూ కారు. బాధ్యత సంతకం వెంట వస్తుంది, రక్తసంబంధం వెంట రాదు. కాబట్టి ఫోను చేసినవాడితో వాదనకు దిగే ముందు బీరువా తెరిచి కాగితాలు చూడండి. మీ సంతకం ఎక్కడైనా ఉందా? మిగిలినదంతా దాన్ని బట్టే ఉంటుంది.

సంతకం పెట్టిన సంగతి చాలామందికి గుర్తే ఉండదు. చదువు అప్పునే తీసుకోండి. పిల్లవాడిని ఎం.ఎస్.కు పంపే హడావుడిలో బ్యాంకువాళ్లు పెన్సిలుతో గుర్తు పెట్టిన చోటల్లా తండ్రి సంతకాలు పెట్టుకుంటూ పోతాడు. ఏదో సాక్షి సంతకం అనుకుంటాడు. నిజానికి అక్కడ ఆయన సహ రుణగ్రహీత. అప్పు అబ్బాయిది ఎంతో ఆయనదీ అంతే. కిస్తీలు తప్పితే ఆయన సిబిల్ స్కోరు కూడా పడిపోతుంది. చిత్తూరులోనో అనంతపురంలోనో ఉన్న ఇల్లు తనఖా పెట్టి ఉంటే, ఖాతా మొండి బాకీగా మారాక 2002 నాటి సర్ఫేసీ చట్టం కింద బ్యాంకు 60 రోజుల నోటీసు ఇచ్చి దాన్ని స్వాధీనం చేసుకోగలదు. హామీదారుగా పెట్టిన సంతకం తేలికైనదేమీ కాదు. ఒప్పందంలో వేరుగా రాసుకుంటే తప్ప, హామీదారు బాధ్యత అసలు రుణగ్రహీత బాధ్యతతో సమానమని 1872 నాటి కాంట్రాక్టు చట్టం 128వ సెక్షను చెబుతోంది. "ముందు మావాణ్ని అడగండి, ఇవ్వకపోతే అప్పుడు నా దగ్గరకు రండి" అన్న మాట బ్యాంకు దగ్గర చెల్లదు.

యాడ్ ఆన్ కార్డు సంగతీ ఇంతే. తండ్రి క్రెడిట్ కార్డు మీద కొడుక్కి ఇప్పించిన అదనపు కార్డును అతను డాలస్‌లో వాడినా బిల్లు తండ్రి పేరు మీదే వస్తుంది. వీటన్నిటికన్నా ప్రమాదకరమైనది, అప్పు ఇచ్చినవాడి దగ్గర ఉంచిన మీ సంతకం గల ఖాళీ చెక్కు. ఆ చెక్కు వెనక్కి వస్తే నెగోషియబుల్ ఇన్‌స్ట్రుమెంట్స్ చట్టం 138వ సెక్షను కింద క్రిమినల్ కేసు అవుతుంది, రెండేళ్ల వరకు జైలు శిక్ష పడవచ్చు. హామీగా ఇచ్చిన చెక్కు కదా అని ఊరుకోవద్దు. నోటీసు రాగానే వకీలును కలవండి. ఆ చెక్కు డబ్బు కట్టడానికి గడువు 15 రోజులే.

సంతకం ఉందని తేలితే వసూలు ఏజెంటును తిట్టి లాభం లేదు. బ్యాంకు శాఖకు వెళ్లి రాతపూర్వకంగా పరిస్థితి చెప్పండి. అబ్బాయికి ఉద్యోగం పోయిందనో, ఓపీటీ (చదువు తర్వాత అమెరికా ఇచ్చే తాత్కాలిక పని అనుమతి) మీద ఖాళీగా ఉన్నాడనో దాచకుండా రాసి, వాయిదాలు తగ్గించి గడువు పొడిగించమని అడగండి. కిస్తీ తప్పి 90 రోజులు దాటితే ఖాతా మొండి బాకీల్లో చేరుతుంది. ఆ లోపు అడిగినవాడికి, తర్వాత అడిగినవాడికి ఒకే మర్యాద దొరకదు.

ఇక సంతకం లేనివాళ్లు. మన పూర్వపు హిందూ న్యాయంలో తండ్రి అప్పు తీర్చడం కొడుకు విధి. దాన్ని కోర్టులు కూడా అమలు చేసేవి, 2005లో హిందూ వారసత్వ చట్టాన్ని సవరించి తీసేసేదాకా. కానీ కొడుకు అప్పు తండ్రి తీర్చాలని ఆ రోజుల్లోనూ లేదు. కుటుంబం కోసం చేసిన అప్పు అయితే తప్ప తండ్రి ఇవ్వనక్కర్లేదని యాజ్ఞవల్క్య స్మృతి తేల్చి చెప్పింది. స్మృతికర్తలు వదిలేసిన తండ్రిని వసూలు ఏజెంటు పట్టుకున్నాడన్నమాట.

అతను ఎందుకు పట్టుకుంటాడో తెలిస్తే సగం భయం పోతుంది. దరఖాస్తులో రిఫరెన్సు అన్న గడిలో మీ అబ్బాయి మీ నంబరు రాశాడు. అంతకు మించి మీకూ ఆ అప్పుకూ సంబంధం లేదు. అబ్బాయి పాత నంబరు పనిచేయడం లేదు, మీ నంబరు పనిచేస్తోంది. పైగా మీరు పరువుకు జడిసే మనిషని ఏజెంటు మొదటి ఫోనులోనే కనిపెడతాడు. అపార్ట్‌మెంటు గేటు దగ్గర సెక్యూరిటీకి వినిపించేలా మాట్లాడడం, పక్క ఫ్లాటు గంట కొట్టడం, "అమ్మాయికి సంబంధాలు చూస్తున్నారటగా" అని ఆరా తీయడం, ఇవన్నీ ఆ లెక్కలోనివే. నేను చూసినంతలో, బాధ్యత లేకపోయినా డబ్బు కట్టిన తండ్రులందరూ సిగ్గుతో కట్టినవాళ్లే.

రిజర్వు బ్యాంకు 2022 ఆగస్టులో ఇచ్చిన ఆదేశం సరిగ్గా ఈ పనులనే నిషేధించింది. ఉదయం 8కి ముందు, రాత్రి 7 తర్వాత వసూలు కోసం ఫోన్లు చేయకూడదు. రుణగ్రహీతను నలుగురిలో అవమానించకూడదు. అతని కుటుంబ సభ్యుల, స్నేహితుల, రిఫరెన్సుగా పేరిచ్చినవాళ్ల ఏకాంతంలోకి చొరబడకూడదు. ఫోనుకో సోషల్ మీడియాకో అసభ్య సందేశాలు పంపకూడదు. ఏజెంటు చేసిన తప్పుకు బ్యాంకే జవాబుదారీ. లోన్ యాప్‌లు ఫోనులోని కాంటాక్టుల జాబితా జోలికి పోకూడదని కూడా అదే ఏడాది డిజిటల్ రుణాల నియమాల్లో చెప్పారు. కాబట్టి మీ పెదనాన్నకూ మీ పాత బాసుకూ సందేశాలు వెళ్లాయంటే ఆ యాప్ నియమం తప్పిందని అర్థం.

ఫోనులో ఎక్కువ మాట్లాడకండి. "ఈ అప్పుకు నేను సహ రుణగ్రహీతను కాను, హామీ ఇవ్వలేదు. ఏదైనా ఉంటే మా అబ్బాయికి రాతపూర్వకంగా పంపండి. ఈ నంబరుకు మళ్లీ చేయకండి." ఇంతే. అతని పేరు, ఏజెన్సీ పేరు, తేదీ, సమయం రాసి పెట్టుకోండి. గేటు దగ్గరకు వస్తే గుర్తింపు కార్డు, బ్యాంకు ఇచ్చిన అధికార పత్రం చూపించమనండి. రెండూ దగ్గర ఉండాలన్నది నియమం. బెంగళూరులో మనవాళ్లకు భాష మరో చిక్కు. అవతలివాడు కన్నడంలోనో హిందీలోనో గడగడా మాట్లాడితే, ఊరి నుంచి కొత్తగా వచ్చిన అమ్మకు సగమే అర్థమవుతుంది, మిగతా సగం ఆమె ఊహించుకుని వణికిపోతుంది. అర్థం కాని మాటకు "ఆ, ఆ" అనవద్దని ఆమెకు ముందే చెప్పి ఉంచండి.

ఒక్క విషయంలో మాత్రం మరీ మరీ జాగ్రత్త. "మీరు కట్టనక్కర్లేదు సార్, అబ్బాయి కడతాడని ఒక చిన్న కాగితం రాసివ్వండి, మా పై అధికారికి చూపించుకుంటాను" అని మెత్తగా అడుగుతారు. ఇవ్వకండి. ఆ కాగితంలో వాక్యం కాస్త అటూ ఇటూ అయితే అదే హామీ పత్రం అయి కూర్చుంటుంది. మీకు ఒక్క రూపాయి ముట్టకపోయినా, మీ అబ్బాయికి గడువు ఇచ్చారన్న ఒక్క కారణం చాలు అది చెల్లడానికి. "ముందు వెయ్యి రూపాయలు వేయండి, ఫోన్లు ఆపేస్తాం" అన్నదీ నమ్మకండి. డబ్బు ఏ నంబరు నుంచి రాలుతుందో తెలిశాక ఫోన్లు ఎందుకు ఆపుతారు?

వేధింపు ఆగకపోతే ముందు బ్యాంకు ఫిర్యాదుల విభాగానికి ఈమెయిలు పంపండి. 30 రోజుల్లో జవాబు రాకపోయినా, వచ్చిన జవాబు నచ్చకపోయినా బ్యాంకుల మీద ఫిర్యాదులు విచారించే రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు వెళ్లవచ్చు. అందుకు రిజర్వు బ్యాంకు ఆఫీసున్న నృపతుంగ రోడ్డు దాకా ట్రాఫిక్‌లో పడి వెళ్లనక్కర్లేదు. ఫిర్యాదు ఆన్‌లైన్‌లోనే తీసుకుంటారు, ఫీజు లేదు. వివరాలకు 14448కి ఫోను చేయండి. కొడతామనో చంపుతామనో బెదిరిస్తే, ఇంట్లోకి జొరబడితే అది బ్యాంకు వ్యవహారం కాదు, పోలీసు కేసు. 112కి ఫోను చేయండి.

అమెరికా అప్పుల విషయంలో కథ కొంచెం వేరు. అక్కడ 1977లో వచ్చిన ఫెడరల్ చట్టం ఒకటి వసూలు ఏజెన్సీల నోటికి గట్టి తాళమే వేసింది. అప్పు సంగతి మూడో మనిషికి చెప్పకూడదు. రుణగ్రహీత మైనరైతేనే తల్లిదండ్రులతో ఆ ప్రస్తావన చేయవచ్చు. మేజరైతే తల్లీ తండ్రీ కూడా మూడో మనుషులే. వాళ్లకు ఫోను చేసి అబ్బాయి చిరునామా, నంబరు, పనిచేసే చోటు అడగవచ్చు, అదీ మామూలుగా ఒక్కసారే, బాకీ మాట ఎత్తకుండా. రుణగ్రహీతకు కూడా ఉదయం 8కి ముందు, రాత్రి 9 తర్వాత చేయకూడదు. 2021 నవంబరు నుంచి ఒక అప్పుకు వారంలో ఏడు ఫోన్లకు మించకూడదన్న హద్దు కూడా ఉంది. అయితే ఇదంతా ప్రధానంగా బయటి వసూలు ఏజెన్సీలకు వర్తిస్తుంది. అప్పిచ్చిన బ్యాంకు తానే ఫోను చేస్తే ఈ చట్టం సాధారణంగా అడ్డుపడదు.

అందువల్ల మీ బెంగళూరు నంబరుకు ఎవరో ఫోను చేసి, "మీ అబ్బాయి అమెరికాలో బాకీ పడ్డాడు, సాయంత్రంలోగా కట్టకపోతే అరెస్టు చేస్తారు" అంటే, అది మోసమని ముందే అనుమానించండి. క్రెడిట్ కార్డు బాకీ కట్టలేనందుకు అమెరికాలో జైల్లో పెట్టరు. గిఫ్టు కార్డులు కొని నంబర్లు చెప్పమన్నారంటే ఇక అనుమానం కూడా అక్కర్లేదు. ఫోను పెట్టేసి అబ్బాయికే చేయండి. డబ్బు పోయి ఉంటే వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైను 1930కి ఫోను చేయండి.

అక్కడి కోర్టులో అబ్బాయి మీద నిజంగానే తీర్పు వచ్చిందనుకుందాం. మన సివిల్ ప్రొసీజర్ కోడ్ 44ఎ సెక్షను కింద ప్రభుత్వం గుర్తించిన దేశాల్లో బ్రిటన్, సింగపూర్, యూఏఈ ఉన్నాయి, అమెరికా లేదు. అమెరికా తీర్పు పట్టుకుని ఎవరూ నేరుగా మీ ఫ్లాటు జప్తుకు రాలేరు. దాని ఆధారంగా ఇక్కడ మళ్లీ దావా వేయాలి, అదీ అబ్బాయి మీదే. వైట్‌ఫీల్డ్‌లో అతని పేరు మీద ఫ్లాటు కొని ఉంటే మాత్రం అది అతని ఆస్తే అవుతుంది, ఈఎంఐ మీరు కడుతున్నా సరే.

అమెరికాలో పిల్లల దగ్గరకు వెళ్లిన తల్లిదండ్రులు అక్కడి ఆస్పత్రిలో ఇచ్చే ఫారాలు చదవకుండా సంతకం చేయకండి. అబ్బాయిని చేర్చుకునేటప్పుడు బిల్లుకు బాధ్యత వహించేవారు ఎవరన్న గడి ఒకటి ఉంటుంది. అక్కడ రోగి పేరే ఉండాలి.

అమెరికాకు కొత్తగా వచ్చిన అబ్బాయిలకు, అమ్మాయిలకు నేను చెప్పేది కటువుగా ఉంటుంది. మీ బాకీ గురించి మీ నాన్న మొదట వినాల్సింది మీ నోటి నుంచి. ఇండియాలో క్రెడిట్ కార్డు వదిలేసి విమానం ఎక్కి, అక్కడి సిమ్ పారేస్తే చాలనుకునేవాళ్లను చాలామందిని చూశాను. బ్యాంకులకు మీ ఈమెయిలు, మీ కొత్త నంబరు మీరే ఇవ్వండి. రిఫరెన్సు నంబరు తీసేయమని రాయండి. ఇండియాలో మూడేళ్లు దాటితే బాకీకి కాలదోషం పడుతుందన్నది (అంటే దావా వేసే గడువు తీరిపోతుందన్నది) నిజమే, కానీ మీరు దేశంలో లేని కాలాన్ని ఆ మూడేళ్లలో లెక్కించరు. పైగా ఆ లోపు మీరు బాకీ ఒప్పుకుంటూ సంతకంతో ఒక ఉత్తరం రాసినా, కొంత కట్టినా గడువు మళ్లీ మొదటి నుంచి లెక్కకు వస్తుంది. అమెరికాలో ఇది రాష్ట్రాన్ని బట్టి మారుతుంది: న్యూయార్క్‌లో కార్డు బాకీకి 3 ఏళ్లు, టెక్సాస్‌లో 4, మా న్యూజెర్సీలో 6. దావా గడువు తీరినా క్రెడిట్ రిపోర్టులో మచ్చ ఏడేళ్ల వరకు ఉండవచ్చు. అమెరికా ఏజెన్సీ నుంచి నోటీసు వస్తే 30 రోజుల్లోగా, ఆ బాకీ ఎంతో, అసలు ఎవరిదో రుజువు పంపమని రాతలో అడగండి. రుజువు పంపేదాకా వాళ్లు వసూలు ఆపాలి. మీ ఇంటి పేరే ఉన్న మరో మనిషి బాకీ మీ నెత్తిన పడడం అక్కడ వింతేమీ కాదు.

అన్నీ తెలిసి కూడా పిల్లవాడి కోసం కట్టేద్దామనుకునే తల్లిదండ్రులు ఉంటారు. తప్పు పట్టను. కాకపోతే ఏజెంటు చేతికి నగదు ఇవ్వకండి, అతను పంపిన క్యూఆర్ కోడ్‌కు వేయకండి. ఎంత కడితే ఎంత మాఫీ చేస్తారో బ్యాంకు లెటర్‌హెడ్ మీద తీసుకున్నాకే నేరుగా రుణ ఖాతాలో జమ చేయండి. వీలైతే అబ్బాయి ఎన్ఆర్ఓ ఖాతా (విదేశాల్లో ఉండేవాళ్లకు ఇక్కడి బ్యాంకుల్లో ఉండే రూపాయల ఖాతా) నుంచే కట్టించండి. తగ్గించి కట్టిన అప్పు సిబిల్‌లో "సెటిల్డ్" అని పడుతుంది, పూర్తిగా కడితే "క్లోజ్డ్" అని పడుతుంది. రేపు ఇంటి అప్పుకు వెళ్లినప్పుడు ఈ రెండింటికీ తేడా తెలుస్తుంది. నో డ్యూస్ సర్టిఫికెట్ తీసుకుని, రెండు నెలల తర్వాత రిపోర్టు తెప్పించి చూడండి. ఏడాదికి ఒకటి ఉచితం. ఇంకా బాకీ చూపిస్తుంటే రాతపూర్వకంగా ఫిర్యాదు చేయండి. 30 రోజుల్లో సరిచేయకపోతే, ఆ పైన ఆలస్యమైన ప్రతి రోజుకూ 100 రూపాయల పరిహారం మీకు రావాలి.