జాబితా మాత్రం రాయొద్దు బుజ్జీ

బుజ్జీ,

మీ నాన్న ఫోన్ చేసి అరగంట సేపు నీ మీద చాడీలు చెప్పాడు. "ఇక్కడ సంబంధాలు చూస్తుంటే, ఇది సాయంత్రం అయ్యేసరికి కొండెక్కి మీటింగులు పెడుతోందక్కా. గంజాయి తాగే గుంటలతో దీనికేటి పని?" అన్నాడు. వాడి సొద సగంలో ఆపి, నువ్వు రాసుకున్న ప్లాన్ నాకు పంపమన్నాను. చివరికి పంపాడు, పంపుతూ "బాగానే రాసిందిలే" అని కూడా అన్నాడు. ఆ మాట నీతో అనడు కాబట్టి నేను చెబుతున్నాను.

విశాఖ కంచరపాలెం కొండవాలు పేటల్లో డ్వాక్రా సంఘాలు, కుర్రాళ్ల క్లబ్బు, చర్చి, మసీదు కమిటీ, చవితి పందిరి వాళ్లు, ఆటో స్టాండు, కింద అపార్ట్‌మెంట్ల అసోసియేషన్, వీళ్లందరినీ ఒక్కచోట కూర్చోబెట్టి కుర్రాళ్లని మత్తు జోలికి పోకుండా చూడాలనుకున్నావు. ఉద్యోగం చేసుకుంటూ, ఎవరూ అడక్కుండానే. చదివి సంతోషపడ్డాను. నాలుగో పాయింటు దగ్గరికి వచ్చేసరికి మాత్రం నాకు బీపీ పెరిగింది. దాని సంగతి తర్వాత చెబుతాను.

ముందు చిన్న విషయాలు. వార్డు సచివాలయంలో ఏఎన్ఎమ్‌నీ, మహిళా పోలీసునీ మొదటి రోజే కలువు. ఆశా కార్యకర్తని కింద కూర్చోబెట్టి స్టేజీ మీద పెద్దమనుషులతో మాట్లాడించకు. పేటలో ఏ ఇంట్లో ఏం జరుగుతుందో ఆమెకు తెలిసినంత ఎవరికీ తెలీదు. మార్గశిర గురువారాల్లో మీటింగు పెట్టకు, సగం మంది ఆడవాళ్లు బురుజుపేటలో కనకమహాలక్ష్మి గుడి క్యూలో ఉంటారు. ఫ్లెక్సీ వేయకు. వేశావా, ఎవరి ఫోటో ఎంత సైజు, ఎవరి పేరు ముందు అన్న దగ్గరే నీ ఐక్యత విరిగిపోతుంది.

ఇక నాలుగో పాయింటు. "ఇంటింటి సర్వే చేసి, అలవాటు ఉన్న యువకుల వివరాలు నమోదు చేయుట." ఎవరు చెప్పారే నీకు ఇది?

2003లో పొగాకు నియంత్రణ చట్టం వచ్చింది. ఆ తర్వాతి రోజుల్లో మా హెల్త్ సెంటర్ పరిధిలోని ఒక పేటలో నువ్వు అనుకుంటున్నలాంటి కమిటీయే ఒకటి మొదలైంది. పేట పేరు అనవసరం. ఆడవాళ్ల సంఘాలు, క్లబ్బు, చర్చి, చవితి కమిటీ, అందరూ ఉన్నారు. సారా ఉద్యమం రోజులు చూసిన ఆడవాళ్లు అప్పటికింకా ఊపు మీదే ఉన్నారు. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్లు మొదలుపెడితే మరుసటి ఏడాదికి ప్రభుత్వం సారా నిషేధించింది కదా, మనమూ చేయగలం అనే ధీమా వాళ్లది. బడి పక్క కిళ్లీకొట్లో గుట్కా తోరణాలు దింపించారు. కొట్టువాడితో గొడవ పడలేదు. వాడి దగ్గర బిస్కెట్లూ పెన్నులూ మేమే కొంటామని మాటిచ్చి, కొన్నారు కూడా.

అంతా బాగా నడుస్తుండగా ఒక అధికారి సమీక్షకు వచ్చాడు. చేసిందంతా విని, "అది సరే, ఇంతకీ ఎంతమందిని గుర్తించారు?" అన్నాడు. కొంప ముంచిన ప్రశ్న అదే. అప్పటిదాకా కలిసి పనిచేసిన నాలుగు సంఘాలూ పోటీ పడి జాబితాలు రాయడం మొదలుపెట్టాయి. ఒకరు పదకొండు మంది అంటే ఇంకొకరు పద్నాలుగు అన్నారు. సాయంత్రం కల్వర్టు మీద కూర్చున్న ప్రతివాడూ ఎక్కేశాడు. జుట్టు పెంచినవాడు, పనికి పోనివాడు, అప్పు తీర్చనివాడు, ఎవరినీ వదల్లేదు.

ఆ జాబితాని కమిటీ సెక్రటరీ పంద్రాగస్టు నాడు జెండా కింద మైకులో చదివాడు. మంచివాడే. పేర్లు చదివితే సిగ్గుపడి మానేస్తారనుకున్నాడు.

అందులో ఒక పేరు ఆడవాళ్ల సంఘం లీడరు కొడుకుది. పదో తరగతి తప్పి సైకిల్ షాపులో పనిచేసేవాడు. పంక్చర్లు వేసే కుర్రాడి చేతులకి ఏం వాసన వస్తుంది? ట్యూబు అతికించే సొల్యూషన్ వాసనే వస్తుంది. అంత మాత్రానికే వాడు మత్తు కోసం సొల్యూషన్ పీలుస్తాడని రాసేశారు. నిజంగా పీల్చేవాడా లేదా అని ఆ రోజు దాకా అడిగినవాడు లేడు, ఆ రోజు తర్వాత అడగాల్సిన అవసరం ఎవరికీ కనబడలేదు. తల్లి ముందు వరసలో కూర్చుని ఉంది. లేచి, చెంగు దోపుకుని, కొడుకు చెయ్యి పట్టుకుని వెళ్లిపోయింది. గుట్కా తోరణాలు దింపించింది ఆవిడే.

ఆవిడ మానేస్తే సంఘం మానేసింది. కమిటీ దానివల్ల పడిపోలేదు, లెటర్ ప్యాడ్ మీద కొన్నేళ్లు బతికింది. అసలు నష్టం నా బల్ల దగ్గర జరిగింది. బుధవారం టీకాల రోజు పిల్లల తల్లులు వచ్చేవారు కదా. అందరూ వెళ్లాక ఒకరిద్దరు కార్డు సర్దుకుంటున్నట్టు నిలబడి, "మేడమ్, మావోడు రాత్రుళ్లు నిద్రపోటం లేదు. కళ్లెర్రగా ఉంటన్నాయి, ఏటైనా మందుందేటి?" అని నెమ్మదిగా అడిగేవారు. అలా అడిగిన వాళ్లలో కొందరిని డాక్టరు దాకా తీసుకెళ్లగలిగాను. జాబితా చదివిన తర్వాత బుధవారాలు వచ్చాయి, టీకాలు వేశాం, కార్డులు సర్దుకున్నారు, వెళ్లిపోయారు. ఒక్కరూ నోరు విప్పలేదు. వాళ్ల దృష్టిలో నేనూ కమిటీ మనిషినే. నాకు చెబితే మైకులోకి వెళ్తుందని భయం.

ఆ కుర్రాడు తర్వాత వెల్డింగు నేర్చుకుని బాగానే స్థిరపడ్డాడట. సెక్రటరీ వాళ్లింటికి వెళ్లి దణ్ణం పెట్టి వచ్చాడు, ఆవిడ కుర్చీ వేసి మంచినీళ్లు ఇచ్చిందే గానీ మాట్లాడలేదు. ఆ పేటలో మళ్లీ అలాంటి కమిటీ నిలబడగా నేను రిటైరయ్యేదాకా చూడలేదు.

ఇప్పుడు మైకు కూడా అక్కర్లేదే. మీ వాట్సాప్ గ్రూపులో ఎవడో ఒకడు "చూడండి మన పేట భవిష్యత్తు" అని రాత్రి కల్వర్టు మీద పిల్లల ఫోటో తీసి పెడతాడు. పొద్దున్నకి అది వాళ్ల కాలేజీకి చేరుతుంది. అందుకని మొదటి మీటింగులో మొదటి తీర్మానం ఇదే రాయించు: ఏ పిల్లవాడి పేరూ, ఫోటో, ఇంటి నంబరూ కాగితం మీదా ఫోన్‌లోనూ ఉండకూడదు. ఒప్పుకోని సంఘం ఉంటే, ఎంత పెద్దదైనా సరే, దణ్ణం పెట్టి పంపించు.

సర్వే చెయ్యాలని అంత ఉబలాటంగా ఉంటే మనుషుల్ని వదిలేసి చోట్లను లెక్కపెట్టు. బడి గేటు నుంచి టేపు పట్టి వంద గజాలు కొలవండి, ఆ లోపల సిగరెట్లూ పొగాకు సరుకులూ అమ్మకూడదని చట్టంలోనే ఉంది. పద్దెనిమిది నిండనివాళ్లకి ఎక్కడా అమ్మకూడదు. చాక్లెట్ సీసా పక్కనే విడి సిగరెట్ల డబ్బా పెట్టిన కొట్లు ఎన్నో చూడండి. కొండ మెట్ల మీద ఏ మలుపులో దీపం వెలగడం లేదు, డాక్టరు చీటీ లేకుండా నిద్రమాత్రలు ఎక్కడ ఇస్తున్నారు, ఆడపిల్లలు ఏ సందు తప్పించి తిరిగి వస్తున్నారు, ఇవి రాయండి. మందూ మత్తూ పొగాకూ ఏదైనా సరే, పిల్లల చేతికిస్తే బాలల న్యాయ చట్టం 77వ సెక్షన్ కింద ఏడేళ్ల దాకా జైలు ఉందని కొట్ల వాళ్లకి ఒకసారి మర్యాదగా చెప్పండి. చాలామందికి తెలియదు.

ఏ సంఘానికి ఏం కావాలో కూడా విడివిడిగా వినాలి. అపార్ట్‌మెంట్ వాళ్లకి సీసీ కెమెరాలు కావాలి, కొండ మీద వాళ్లకి దీపాలూ మెట్లకి రెయిలింగూ కావాలి. ఆ రెండూ ఒకటి కాదు. కింద వాళ్లు "ఆ పైన కుర్రాళ్లు" అనే మాట ఒక్కసారి అన్నారంటే పైనుంచి వచ్చిన ఆడవాళ్లు రెండో మీటింగుకి రారు. నిజానికి డబ్బున్న ఇళ్ల పిల్లల దగ్గరా సరుకు ఉంటుంది, కాకపోతే వాళ్లకి తలుపులున్న గదులుంటాయి.

మన ఊరికి ఇంకో తలనొప్పి ఉంది. చింతపల్లి వైపు నుంచీ ఒడిశా సరిహద్దు నుంచీ ఘాట్ రోడ్లు దిగిన సరుకుకి రైలెక్కడానికీ, హైవే పట్టడానికీ మనమే దారి. తాగే కుర్రాడికంటే బ్యాగు మోసే కుర్రాడి గురించి నాకు దిగులు ఎక్కువ. నాలుగు వేలిస్తామంటే లోపల ఏముందో చూడకుండా స్టేషన్ దాకా మోస్తాడు. గంజాయి ఇరవై కిలోలు దాటితే పదేళ్లకు తక్కువ శిక్ష లేదు, బెయిలు కూడా గగనమే. పాడైపోయిన ఊపిరితిత్తుల బొమ్మలు చూపించే బదులు ఈ ఒక్క సంగతి ఆటో స్టాండు వాళ్ల చేత చెప్పించు. వాళ్లు చెబితే వింటారు.

జూన్ 26న ర్యాలీ చెయ్యాలని రాశావు. చెయ్యి, పిల్లలకి సరదాగా ఉంటుంది. దానివల్ల ఎవరూ మానరు. ఐక్యరాజ్యసమితి వాళ్లూ ప్రపంచ ఆరోగ్య సంస్థ వాళ్లూ కలిసి 2018లో వేసిన మత్తు నివారణ ప్రమాణాల పుస్తకంలో కూడా ఇదే ఉంది. ఒక్కరోజు ఉపన్యాసాలూ, భయపెట్టడాలూ, మానేసినవాడిని తెచ్చి అనుభవం చెప్పించడాలూ పనిచేసిన దాఖలా లేదన్నారు. పిల్లలతో కూర్చుని, "ఒక్క దమ్ము లాగరా, మగోడివి కాదేటి?" అని స్నేహితుడు అన్నప్పుడు స్నేహం పోకుండా ఎలా తప్పించుకోవాలో వాళ్ల భాషలోనే నాటకంలా ఆడించాలి. వారం వారం చెయ్యాలి. విసుగ్గా ఉంటుంది, ఫోటోకి పనికిరాదు.

అలవాటైపోయిన వాళ్ల సంగతి వేరు. చినవాల్తేరు మానసిక ఆసుపత్రి పేరు ఎత్తితే మన ఊళ్లో అది తిట్టు కిందే లెక్క, తల్లులు ఏడుస్తారు. మంచి డాక్టర్లున్న చోటే, కానీ ఆ పేరుతో మొదలుపెట్టకు. మనసు బాగోలేనప్పుడు మాట్లాడే టెలీ మానస్ నంబరు 14416, మత్తు మాన్పించడానికి 14446, రెండూ ఉచితం. ముందు ఫోన్‌లో మాట్లాడనీ. తనంతట తానే ప్రభుత్వ గుర్తింపు ఉన్న చోట చికిత్సకి వచ్చినవాడికి, కొద్దిపాటి సరుకు కేసు అయితే, విచారణ నుంచి మినహాయింపు దొరికే వీలు మత్తు పదార్థాల మీద ఉన్న ఎన్‌డీపీఎస్ చట్టంలోనే 64ఎ సెక్షన్‌లో ఉంది. ఆ మాట తల్లులకి తెలియాలి. ఒక్క హెచ్చరిక: రోజూ మందు తాగే మనిషిని మీ కమిటీ ఉత్సాహంతో ఒక్కసారిగా మాన్పించకండి. వణుకు, ఫిట్స్ వచ్చి ప్రాణం మీదికి వస్తుంది. డాక్టరు చూస్తుండగానే మానాలి.

అమ్మేవాడి జోలికి మాత్రం నువ్వు వెళ్లకు. బతిమాలుతున్నాను. వాడి పేరు మీటింగులో నీ నోటి నుంచి రాకూడదు, ఎవరైనా అనబోయినా ఆపు. గంజాయి, మత్తు మందుల పని పట్టే ఈగల్ పోలీసుల నంబరు 1972 ఉంది, ఎవరికి వాళ్లు చేసుకుంటారు. చీకటి పడ్డాక కొండ మెట్ల మీద ఒక్కదానివే దిగకు. క్లబ్బు కుర్రాళ్లు దింపుతామంటే "నాకేం భయం" అని పోజు కొట్టకు, చిన్నప్పటి నుంచీ అదే నీ జబ్బు. మీటింగులని భోజనం మానేసి పకోడీలతో సరిపెట్టకు.

మొదటి పనిగా ఏం పెట్టుకోవాలని అడిగావట. బడి గ్రౌండు. నాలుగున్నరకి గేటుకి తాళం పడుతుంది, కొండ మీద గుంటలకి ఆడుకోవడానికి జానెడు చదును లేదు, కల్వర్టు తప్ప వాళ్లెక్కడ కూర్చుంటారు? ఏడింటి దాకా తెరిచి ఉంచమని హెడ్మాస్టరుగారిని అడగండి. వారానికో సంఘం తాళం చెవికి బాధ్యత తీసుకోవాలి, విరిగిన కుళాయి ఎవరు బాగుచేయిస్తారో కూడా అందులోనే రాయాలి, లేకపోతే ఆయన ఒప్పుకోడు. ఆడపిల్లలకి వారంలో రెండు రోజులు విడిగా అడుగు, లేదంటే క్రికెట్ వాళ్లు అంగుళం వదలరు.

ఆ అర్జీ తెలుగులో రాయి, అన్ని సంఘాల సంతకాలూ ఒకే కాగితం మీద పెట్టించు. ఇచ్చే ముందు నాకు ఒకసారి పంపు, నీ తెలుగు సంగతి నాకు తెలుసు.

మీ పెద్దత్త