ఎముక మీద చెయ్యి వేసే ముందు

చిరంజీవి అమ్మడికి,

మొదటిసారి శిలాజాల తవ్వకానికి వెళ్తున్నానని రాశావు. చాలా సంతోషం. ఆ పనిలోనే తల నెరిసినవాణ్ణి కాబట్టి నాలుగు మాటలు రాస్తున్నా.

తవ్వే రోజుల కంటే నడిచే రోజులే ఎక్కువ ఉంటాయమ్మా. వాన కోసిన గట్ల కింద రాలిపడ్డ ముక్కల కోసం తల వంచుకుని తిరగాలి. ముక్క దొరికితే అది ఎక్కణ్ణుంచి జారిందో చూసుకుంటూ వాలు పైకి ఎక్కు. ఎముకో రాయో తేలకపోతే మేం నాలుకకు ఆనించి చూసేవాళ్లం. ఎముకలో సన్నటి రంధ్రాలుంటాయి, అంటుకుంటుంది. నవ్వకు. కొన్ని రాళ్లు కూడా అంటుకుంటాయి కాబట్టి పూర్తిగా నమ్మనూ నమ్మకు.

ఎముక కనపడగానే చెయ్యి ఊరుకోదు. మొదటి ఏడాది నేనొక వెన్నుపూసను నోట్‌బుక్ తెరవకుండానే లాగేశాను. ఏ పొరలో ఉంది, ఎటు తిరిగి ఉంది, పక్కన ఏముంది అని సాయంత్రం పెద్దాయన అడిగితే నీళ్లు నమిలాను. అది చివరికి సొరుగుపాలైంది. వయసు కట్టడానికైనా ఆ పొర తెలియాలి కదా! చాలాసార్లు కొలిచేది ఎముకను కాదు, దానికి కిందా పైనా ఉన్న అగ్నిపర్వతపు బూడిదను.

ఓవిరాప్టర్ సంగతి వినే ఉంటావు. 1923లో గోబీ ఎడారిలో ఆ డైనోసార్ పుర్రె గుడ్ల గూటి మీద దొరికింది. గుడ్లు వేరే డైనోసార్‌వి అనుకుని, 1924లో హెన్రీ ఫెయిర్‌ఫీల్డ్ ఆస్బర్న్ అనే అమెరికా శిలాజ శాస్త్రవేత్త దానికి గుడ్ల దొంగ అనే అర్థమొచ్చే పేరు పెట్టాడు. ఈ పేరు మనల్ని పెడదారి పట్టించవచ్చని ఆయనే రాశాడు కూడా, అది నాకు నచ్చుతుంది. 1993లో అదే ఎడారిలో అలాంటి గుడ్డులోనే పిండం దొరికింది. చూస్తే అది దొంగగారి వంశమే! పాపం, సొంత గుడ్లను కాచుకున్నందుకు దొంగతనం అంటగట్టారు. పేర్ల నియమాల ప్రకారం ముందు పెట్టిందే నిలుస్తుంది కాబట్టి ఆ పేరు పోలేదు. కానీ పుర్రెకూ గుడ్లకూ మధ్య ఎంత మట్టి ఉందో కూడా అప్పుడే రాసిపెట్టారు. అలా రాసిపెట్టుకుంటేనే ఎన్నేళ్లకైనా లెక్క సరిచూసుకోవచ్చు.

పైకి తీసేటప్పుడు ఎముక మీద ముందు తడి కాగితం పరుచు, తర్వాతే ప్లాస్టర్‌లో ముంచిన గోనెపట్టీలు చుట్టు. కాగితం మరిచిపోతే ప్లాస్టర్ ఎముకనే పట్టుకుంటుంది. జిగురు కూడా కావాలంటే మళ్లీ కరిగించగలిగేదే వాడు. ల్యాబ్‌లో సూదితో రాయి గీకే పనికి నెలలు పడుతుంది, దానికి టెన్షన్ పడకు.

పెన్సిల్‌తో రాసుకో, తడిసినా చెరగదు. లేబుల్ ఒకటి సంచి లోపల, ఇంకొకటి పైన పెట్టు. పైది ఊడిపోతుంది, చెబుతున్నాగా.

ఆశీస్సులతో,
పెదనాన్న