లిబెరోతో సర్వీస్ చేయించాలంటే ఎలా? - సమాధానం

తమ్ముడూ, అంబర్‌పేట వాలీబాల్ టోర్నీలో మీ లిబెరో (వేరే రంగు జెర్సీ వేసుకుని వెనక వరసలోనే ఆడే డిఫెన్స్ ఆటగాడు) సర్వీస్‌కి వెళ్తే రిఫరీ ఆపేశాడన్నావు. తప్పు ఆయనది కాదు. అంతర్జాతీయ రూల్స్ ప్రకారం లిబెరో సర్వీస్ చేయకూడదు, బ్లాక్‌కి (నెట్ దగ్గర అవతలి దెబ్బని అడ్డుకోవడానికి) లేవకూడదు, నెట్ పైఅంచు కంటే ఎత్తున్న బంతిని అవతలికి కొట్టకూడదు. యూట్యూబ్‌లో అమెరికా కాలేజీ మ్యాచ్‌లు చూసుంటావు, అక్కడ లిబెరోని సర్వీస్ చేయనిస్తారు.

నీకు కావాల్సింది డిఫెన్సివ్ స్పెషలిస్ట్, అంటే లిబెరో కాకుండా వెనక వరస డిఫెన్స్ కోసం దింపే మామూలు ఆటగాడు. రిసీవ్ బాగా చేస్తాడన్నావే, ఆ రెండో పొట్టి పిలగాణ్ణి మామూలు జెర్సీలోనే ఉంచు. పొడుగు స్పైకర్ తిరిగి తిరిగి ఒకటో స్థానానికి (వెనక కుడివైపు, సర్వీస్ చేసే వంతు) రాగానే అతని బదులు వీణ్ణి దింపు. సర్వీస్ చేస్తాడు, తర్వాత వెనక వరసలోనే ఆరు, ఐదు స్థానాల్లో డిగ్ చేస్తాడు (అవతలి స్పైక్‌లని కింద పడకుండా లేపుతాడు). ముందు వరసలో నాలుగుకి వచ్చేసరికి స్పైకర్‌ని మళ్లీ లోపలికి పంపు.

ఒక్కటే చిక్కు. లిబెరో ఎన్నిసార్లు మారినా లెక్కలోకి రాదు. ఈ మార్పు మాత్రం సెట్‌కి ఉండే 6 సబ్‌స్టిట్యూషన్లలో రెండు తినేస్తుంది. పైగా ఆ సెట్‌లో ఈ జోడీని మళ్లీ మార్చలేవు. (మన గల్లీ టోర్నీల్లో ఎవరి రూల్స్ వాళ్లవి, టాస్‌కి ముందే అడుగు.) అందుకే మొదట్లోనే వాడెయ్యకు. నేనైతే 18 పాయింట్లు దాటేదాకా ఆగుతా.